కొండెక్కి వచ్చేవారికి పరీక్షేదీ?

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్‌లో కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబం మొదటి రెండు మూడు నెలల్లో నేర్చుకునేవన్నీ చిన్నచిన్న సంగతులే. కాగితాల చెత్త ఏ డబ్బాలో వేయాలి, ప్లాస్టిక్ ఎప్పుడు బయట పెట్టాలి, కూరగాయల తొక్కలు ఎక్కడికి పోతాయి. చీకటి పడ్డాక సైకిల్‌కు దీపం లేకపోతే పోలీసు జరిమానా రాస్తాడు. జ్వరమొచ్చిందని నేరుగా స్పెషలిస్టు దగ్గరికి పోవడం కుదరదు. ముందు పేటలోని ఫ్యామిలీ డాక్టరు చూడాలి. ఆయన చాలాసార్లు పారాసెటమాల్ వేసుకుని రెండు రోజులు ఆగి రమ్మంటాడు. స్నేహితుడి ఇంటికి వెళ్లాలన్నా వారాల ముందే తేదీ, వేళ అనుకోవాలి. దారినపోతూ తలుపు తట్టి ‘ఏమోయ్, ఉన్నావా’ అనే అలవాటు అక్కడ చెల్లదు. నలుగురు కలిసి కాఫీ తాగితే సాయంత్రానికల్లా ఎవరి వాటా వారు చెల్లించమని ఫోన్‌కు ‘టిక్కీ’ సందేశం వచ్చేస్తుంది. రైల్లో నిశ్శబ్ద బోగీ అని రాసిన పెట్టెలో కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తే ఎదుటివారు మొహం మీదే చెప్పేస్తారు, ఇక్కడ మాట్లాడకూడదని.

ఇవన్నీ వారాంతంలో తెలుగువాళ్లు కలిసినప్పుడు చెప్పుకుని నవ్వుకునే కష్టాలు. కానీ వీటి వెనక ఒక చట్టం ఉంది. నెదర్లాండ్స్‌లో స్థిరపడదలచిన వలసదారు డచ్ భాష, డచ్ సమాజం గురించి పరీక్ష రాసి నెగ్గాలి. 1998లో మొదలైన ఈ ఏర్పాటు 2007లో గట్టిపడింది, 2022 జనవరి 1 నుంచి మరింత బిగిసింది. ఇప్పుడు సాధారణంగా మూడేళ్ల గడువులో ఐరోపా కొలమానం ప్రకారం ‘బి1’ స్థాయి భాష రావాలి. కుటుంబ సభ్యుడిగా వెళ్లేవారికైతే 2006 నుంచి దేశంలో అడుగు పెట్టకముందే, స్వదేశంలోని డచ్ రాయబార కార్యాలయంలోనే ఒక ప్రాథమిక పరీక్ష ఉంది. డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేయాలి, పొరుగింటివారితో ఎలా మసలుకోవాలి, పిల్లల బడి ఎలా నడుస్తుంది వంటివన్నీ ఆ పాఠాల్లో భాగమే. ఐండ్‌హోవన్ పక్కన వెల్డ్‌హోవన్‌లో ఏఎస్ఎంఎల్ కంపెనీకి వెళ్లే మన ఇంజనీర్లకు ‘జ్ఞాన వలసదారులు’ అన్న హోదా వల్ల మొదట్లో ఈ బాధ తప్పుతుంది. పైగా పన్ను రాయితీ కూడా ఉంది. అయిదేళ్లు దాటి శాశ్వత నివాసమో పౌరసత్వమో కావాలన్నప్పుడు మాత్రం వారూ పుస్తకం పట్టాల్సిందే.

ఈ విధానం మచ్చలేనిదేమీ కాదు. విదేశాల్లో పెట్టే పరీక్ష కొన్ని దేశాలవారికే వర్తించడం వివక్ష అని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లోనే తప్పుపట్టింది. పరీక్ష రుసుములు కుటుంబాలు కలవడానికి అడ్డుపడేలా ఉండకూడదని 2015లో, పరీక్ష తప్పిన శరణార్థులందరికీ ఒకే గాటన జరిమానాలు వేయడం చెల్లదని 2025 ఫిబ్రవరిలో ఐరోపా సమాజ న్యాయస్థానం తీర్పులిచ్చింది. పరీక్షల సంగతి అలా ఉంచితే, పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది తల్లిదండ్రులను, అందులోనూ వలస మూలాలున్నవారిని ఎక్కువగా, మోసగాళ్లుగా ముద్రవేసిన పన్నుల శాఖ నిర్వాకం బయటపడి 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేయాల్సి వచ్చింది. అయినా ఆ పరీక్ష చట్టం అడుగున ఉన్న భావన మాత్రం తిరుగులేనిది. ఇంటికి కొత్తగా వచ్చినవాడే ఆ ఇంటి తీరు తెలుసుకోవాలి. తెలుసుకునే దారి ఏదో ఒకటి ప్రభుత్వం చూపాలి.

ఈ భావనను విశాఖపట్నానికి నూట పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న అరకు లోయకు తెచ్చి చూస్తే అంతా తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ వచ్చినవారికి ఏ పరీక్షా లేదు. తరతరాలుగా ఉన్నవారే వచ్చినవారి భాష, వారి తూకం, వారి గడియారం, వారి కాగితం నేర్చుకుంటూ వస్తున్నారు. నేర్చుకోలేకపోతే వెనకబడినవారన్న పేరొకటి.

ఎవరు ఎవరికి సర్దుకోవాలన్నది మర్యాదను బట్టి తేలే విషయం కాదు, చేతిలో ఉన్న బలాన్ని బట్టి తేలేది. దీనికి దూరం పోనక్కర్లేదు, అరకు నుంచి కొండ దిగి భీమునిపట్నం వెళితే చాలు. సముద్రపు గాలికి అరిగిన రాతి పలకలతో డచ్చివారి సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. 17వ శతాబ్దం మొదట్లో మచిలీపట్నంలో దిగిన డచ్ ఈస్టిండియా కంపెనీ పులికాట్, పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, భీమిలి మీదుగా కోస్తా అంతటా బట్టల వ్యాపారం చేసింది. 1825లో భీమిలిని ఇంగ్లిషువారికి అప్పగించింది డచ్చివారే. అన్ని దశాబ్దాలు మన మధ్య బతికిన ఆ వలసదారులకు తెలుగు పరీక్ష ఎవరూ పెట్టలేదు. వారికి దుబాసీలుండేవారు. భాష నేర్చుకునే శ్రమ అంతా మనవాళ్ల మీదే పడింది. అదే డచ్ జాతి ఈరోజు తమ గడప తొక్కినవారిని మూడేళ్లలో భాష నేర్చుకోమంటోంది. తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అప్పుడూ ఇప్పుడూ మాట చెల్లినది వారిదే కాబట్టి శ్రమ ఎదుటివారిదయింది.

కొండల మీదికి వచ్చినవారు ఒక్క దఫాగా రాలేదు. గంజాం, విశాఖ జిల్లాల కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి ఏజెంటు పాలన (ఏజెన్సీ) కింద పెట్టిన 1839 చట్టం నాటికే సావుకార్లు, సారా కాంట్రాక్టర్లు కనుమదారులు ఎక్కేశారు. అప్పు ఇచ్చి భూమి రాయించుకోవడం ఎంత ముదిరిందంటే 1917లో ప్రభుత్వమే వడ్డీకి హద్దు పెట్టి, ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి ఇతరుల చేతికి పోకుండా చట్టం చేసింది. అప్పు కింద మనిషిని పనికి కట్టేసే గొత్తి పద్ధతిని అదుపు చేయడానికి 1940లో మరో రెగ్యులేషన్ వచ్చింది. ఇక 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కొండలను తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. దానివెంట కూలీలు, గుమాస్తాలు, కిరాణా కొట్లు వచ్చాయి. ఆ తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), బడులు, బ్యాంకులు. 2017లో రైలుకు అద్దాల బోగీ తగిలించాక శని, ఆదివారాల్లో పర్యాటకులు. ఈ దఫాల్లో ఏ ఒక్కరినీ వచ్చే ముందు ఆగి రెండు ముక్కలు నేర్చుకోమన్నవారు లేరు.

ఏజెన్సీలో ఏ సంతకైనా వెళ్లి గంటసేపు ఊరికే నిలబడండి. చీకటితో లేచి కొండ దిగి వచ్చిన ఆడమనిషి గోనెసంచిలోంచి రాజ్‌మా తీసి వ్యాపారి ముందు పోస్తుంది. ఒకప్పుడు అడ్డ, మానిక, కుంచం కొలతలుండేవి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా. దాని అంకెల తెర వ్యాపారి వైపే తిరిగి ఉంటుంది. అతను తెలుగులో ఒక సంఖ్య చెబుతాడు, తరుగు కింద కొంత తీసేస్తాడు, గుడ్డలో చుట్టిన నోట్లకట్టలోంచి డబ్బు ఇస్తాడు. ఆమె పక్కనున్న చెల్లెలితో కువిలో ఏదో అంటుంది, ఎదురుగా చీపుర్లు అమ్మే ఆవిడతో ఆదివాసీ ఒడియాలో ధర వాకబు చేస్తుంది, మళ్లీ వ్యాపారి వైపు తిరిగి వచ్చీరాని తెలుగులో ‘ఇంకో పది ఇయ్యి బాబూ’ అంటుంది. ఒక్క బేరంలో మూడు భాషలు. వ్యాపారి నోట ఒక్కటే.

ఇక్కడి భాషల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అరకు చుట్టుపక్కల వినిపించే ఆదివాసీ ఒడియా ఇండో ఆర్యన్ కుటుంబానిది. కువి, కూబి ద్రావిడ భాషలు. గదబలలో ఒక శాఖవారు మాట్లాడే గుతోబ్ ముండా భాష, అంటే దాని చుట్టరికం ఆగ్నేయాసియా వైపు. మూడు వేర్వేరు భాషా కుటుంబాలు ఒక్క సంత బజారులో భుజాలు రాసుకు తిరగడం ప్రపంచంలో అరుదు. డచ్చివారు తమందరికీ ఇంగ్లిష్ వచ్చునని గర్వపడతారు. అక్కడ డచ్ నేర్చుకోబోయే మనవాళ్ల ఫిర్యాదు కూడా అదే, నోరు విప్పి రెండు డచ్ మాటలు అనగానే ఎదుటివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతారని. అరకులో ఏ బడి ముఖం చూడని ముసలమ్మకు మూడు నాలుగు భాషలు వచ్చు. ఆమెను మనం నిరక్షరాస్యుల లెక్కలో రాసుకుంటాం. ఆమె కోసం భాష మార్చుకునే ఆఫీసరు మాత్రం కనిపించడు.

ఇంకో సంగతి. కువి, కూబి, గోండి భాషలు తెలుగుకు దగ్గరి బంధువులు. తమిళం, కన్నడం కంటే కూడా దగ్గర. ఇది కొండవారిని మెప్పించడానికి కల్పించిన మాట కాదు, భాషాశాస్త్రం తేల్చినదే. ఆ తేల్చినవారిలో ముందువరుసన ఉన్న భద్రిరాజు కృష్ణమూర్తి స్వయంగా కూబి మాట్లాడేవారి మధ్య కూర్చుని ఆ భాష వ్యాకరణం రాశారు. 1969లో అది పుస్తకంగా వచ్చింది. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరలను ఇంటికి పిలుచుకుని వారి దగ్గర సవర నేర్చుకున్నారు, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు తయారు చేశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వెలువడ్డాయి. వ్యవహార భాష కోసం గిడుగు చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. బడి భాష పిల్లవాడికి అర్థం కావాలన్న ఆయన పట్టుదల ముందు సవర పిల్లల దగ్గరే మొదలైందన్న సంగతి ఆ సభల్లో ఎప్పుడో గాని వినపడదు. మైదానం నుంచి వచ్చినవాడు కొండ భాష నేర్చుకోవడం అసాధ్యమేమీ కాదని చెప్పడానికి వీరిద్దరూ చాలు. నూరేళ్ల క్రితం ఒక పంతులు సొంత ఆసక్తితో చేసిన పనిని ఇవాళ ప్రభుత్వం ఉద్యోగ నియమంగా ఎందుకు చేయలేకపోతోంది?

బడి దగ్గరే ఈ ప్రశ్న సూటిగా గుచ్చుకుంటుంది. అనంతగిరి వైపు ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో చూసిన దృశ్యం ఇది. మాస్టారు మంచివాడే, వేళకు వస్తాడు కూడా. ఒకటో తరగతి పాపను ‘నిన్న ఎందుకు రాలేదమ్మా?’ అని అడిగాడు. పాప ఆయన వైపు చూడలేదు, గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతున్న వంటమనిషి వైపు చూసింది. ఆమె చేట ఆపి రెండు మాటల్లో పాపను అడిగింది, జవాబు విని తెలుగులో మాస్టారికి చెప్పింది, మళ్లీ చేట అందుకుంది. ఆ బడిలో దుబాసీ ఆమే. జీతం మాత్రం వంటకే. అక్షరాలు, కూడికలు, చివరకు కడుపునొప్పి కూడా ఆమె నోటి మీదుగానే మాస్టారికి చేరుతున్నాయి.

ఈ లోటు ప్రభుత్వాలకు తెలియనిది కాదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన అందించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కొండ (కూబి), కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. దేశంలోనే మార్గదర్శకమైన పని అది. పిల్లవాడు సొంత భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగుకు, ఆపైన ఇంగ్లిష్‌కు రావాలన్నది ఆలోచన. పుస్తకాలు వచ్చాయి. వాటిని చదివి చెప్పగలిగే టీచరు రాలేదు. 2000లో ఇచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే కేటాయించింది. మైదానం నుంచి వచ్చినవారు బడికి సరిగా రావడం లేదన్నది ఆ జీవో వెనకున్న ఒక పెద్ద ఫిర్యాదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు తర్వాత ఏజెన్సీలో ధర్నాలు, బంద్‌లు జరిగాయి, ఎన్నికల హామీలు వచ్చాయి. రిజర్వేషన్ సంగతి కోర్టుల్లో తేలాల్సిందే. అంతదాకా, టీచరు ఏ కులంవాడైనా తరగతిలో పిల్లలు మాట్లాడే భాష వచ్చి ఉండాలన్న అర్హత పెట్టడానికి అడ్డేమిటి? అది రిజర్వేషన్ కాదు, పనికి కావలసిన నేర్పు.

వచ్చేవారి మీద నిజంగా ఆంక్ష పెట్టిన రంగం ఒక్కటే, భూమి. దేశంలో ఎవరైనా ఎక్కడైనా స్థిరపడవచ్చన్న హక్కుకు షెడ్యూల్డ్ తెగల ప్రయోజనం కోసం పరిమితి విధించవచ్చని 19(5) అధికరణం ఒప్పుకుంటుంది. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించి ఏజెన్సీలో భూమి ఆదివాసీలకు, వారి సహకార సంఘాలకు తప్ప మరొకరికి బదిలీ కాకూడదన్నారు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా కుదరదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతను రుజువు చూపే దాకా, ఆదివాసీ నుంచే వచ్చిందని భావిస్తారు. అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల తగాదా నుంచి పుట్టిన సమత కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఒక ‘వ్యక్తే’ కాబట్టి అది సైతం ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వరాదంది.

కాగితం మీద ఇంతకంటే గట్టి కంచె లేదు. సందులు మాత్రం కావలసినన్ని. ఆదివాసీ పేరు మీద బినామీగా కట్టిన హోటళ్లు, నోటిమాట లీజులు, భూమి కోసమే చేసుకున్న పెళ్లిళ్లు ఏజెన్సీలో ఎవరికీ రహస్యం కాదు. అదే సమయంలో ఇంకో వాదనా వినాలి. తాత కాలంలో ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని వచ్చి, మూడు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన పేద గిరిజనేతరులున్నారు. వారిలో దళితులూ ఉన్నారు. సొంతానికి రెండు సెంట్ల ఇంటి జాగా కొనలేమన్నది వారి గోడు. వారిలో చాలామంది ఆదివాసీ ఒడియా ధారాళంగా మాట్లాడతారు. నిజానికి పరీక్ష అంటూ పెడితే మొదటి రోజే పాసయ్యేది వీరే, తప్పేది రిసార్టు యజమాని. భూమి చట్టం వీరిద్దరినీ ఒకే గాటన కడుతుంది. దాన్ని సడలించమని నేననను, ఆ తలుపు కాస్త తెరిస్తే ముందు దూరేది రెండు సెంట్లవాడు కాదు. కానీ వచ్చినవాడు ఎలాంటివాడో తేల్చడానికి భూమి తప్ప మరో కొలబద్ద మన దగ్గర లేకపోవడం వల్లే ఈ చిక్కు.

ఆసుపత్రి విషయానికి వస్తే డచ్ పోలిక ఒక వింత చూపిస్తుంది. నెదర్లాండ్స్‌లో గర్భిణిని మంత్రసాని అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: కాన్పు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? ఐరోపాలో ఇంటి కాన్పులు ఎక్కువగా జరిగే సంపన్న దేశం అదే. ఇప్పటికీ పదో వంతుకు పైగా కాన్పులు ఇంట్లోనే. పుట్టిన తర్వాత వారం రోజులకు పైగా ఒక నర్సు ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూసుకుంటుంది. తెలుగింటి కోడళ్లు మొదట బెదిరిపోతారు, తర్వాత ఆ నర్సును అమ్మలా చెప్పుకుంటారు. అదే ఇంటి కాన్పు మన ఏజెన్సీలో జరిగితే అది మూఢత్వం కింద జమ. ఆశా కార్యకర్తకు చీవాట్లు. రెండు చోట్లా తేడా ఆడవాళ్ల ఆలోచనలో లేదు, రోడ్డులో ఉంది. అక్కడ పిలిచిన పదిహేను నిమిషాల్లో అంబులెన్సు గుమ్మంలో ఉండాలన్నది ప్రమాణం. ఇక్కడ డోలీ కట్టి, వాగు దాటించి, రోడ్డు దాకా మోసుకు రావాలి. అందుకే నెలలు నిండిన ఆదివాసీ స్త్రీలను ముందుగానే తెచ్చి ఉంచే వసతి గృహాలు పెట్టాల్సి వచ్చింది. అవి ప్రాణాలు కాపాడుతున్నాయి, కాదనలేం. కానీ అక్కడ కూడా సర్దుకునేది ఆమే. ఇంటినీ, పెద్ద పిల్లలనూ, తినే అంబలినీ వదిలి తెలియని భాషల మధ్య వారాల తరబడి మంచం మీద కూర్చోవాలి.

కాగితం, ఫోను వచ్చాక ఈ సర్దుబాటు కొత్త రూపు ఎత్తింది. నెదర్లాండ్స్‌లో పౌర సంఖ్య, డిజిటల్ గుర్తింపు లేకపోతే రోజు గడవదు. అయితే సొంత పౌరులకే ఆ తెరలు అర్థం కావడం లేదని గ్రహించి, 2019 నుంచి ఊరూరా గ్రంథాలయాల్లో ప్రభుత్వ సేవల సహాయ కేంద్రాలు తెరిచారు. ఎవరైనా వెళ్లి తెర ముందు కూర్చుని, సాయం అడిగి, పని చేసుకుని రావచ్చు. మన దగ్గర 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనికి రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని కొండ మీద ఆ ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి అనుమానమే. బియ్యానికి వేలిముద్ర, ఖాతాకు ఈ-కేవైసీ. గుంత తవ్వి, దుక్కి దున్ని అరిగిన వేళ్ల గీతలు యంత్రానికి ఆనవు. ‘సర్వర్ డౌన్, రేపు రా’ అన్న ముక్క అరకులో అన్ని భాషలవారికీ అర్థమవుతుంది.

క్యాలెండర్ కూడా వచ్చినవారిదే. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డం నిలబడి పాటలు పాడుతూ వచ్చేపోయేవారిని చిల్లర అడుగుతారు, ఊరంతా థింసా ఆడుతుంది. ఆ రోజుల్లో బడి ఖాళీ. ‘పండగైతే ఇన్ని రోజులా’ అని విసుక్కునే టీచర్లను విన్నాను. ఐండ్‌హోవన్ ఉన్న బ్రబాంట్ ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చిల్లో కార్నివాల్ వస్తే ఊరు ఊరంతా వేషాలు వేసుకుని వీధిన పడుతుంది. ఆ వారం అక్కడ బడులకు సెలవు. అక్కడి తెలుగు ఇంజనీరు సెలవు చూసి చిరాకుపడడు, పిల్లలకు వేషం కొంటాడు. అదే మనిషి శీతాకాలంలో ఇండియా వచ్చి అరకు వెళితే వలిసె పూల చేలోకి చెప్పులతో దిగి ఫొటో తీసుకుంటాడు, రైతు పది ఇరవై రూపాయలు అడిగితే దోపిడీ అంటాడు. రిసార్టు పచ్చికలో అడిగినప్పుడల్లా థింసా ఆడించాలంటాడు. మనిషి మారలేదు. ఒకచోట నియమం ఉంది, ఇంకోచోట లేదు.

అరకు కాఫీని ఇక్కడ ఎవరైనా గుర్తుచేస్తారని తెలుసు. 2017లో పారిస్‌లో దుకాణం, 2019లో భౌగోళిక గుర్తింపు, ఇవి గర్వపడదగ్గవే. కాఫీ మొక్క కూడా వలస వచ్చినదే. దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. డచ్చివారే 17వ శతాబ్దం చివర్లో మలబారు నుంచి కాఫీ మొక్కలను జావాకు పట్టుకుపోయారు, జావా నుంచి ఒక మొక్క 1706లో ఆమ్‌స్టర్‌డామ్ ఉద్యానవనానికి చేరింది. కొండ ఆదివాసీ ఈ పరదేశి మొక్కను ఎంత చక్కగా సాకాడో ప్రపంచం రుచి చూసి చెబుతోంది. కొత్తదాన్ని పట్టుకోలేరన్న నిందకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇక కొండ దిగే యువకుల సంగతి. విశాఖలో నిర్మాణ పనులకు, హైదరాబాద్‌లో వాచ్‌మన్ గదులకు, ఇంకా దూరంగా కేరళ, తమిళనాడులకు పోయేవారు ఏటా పెరుగుతున్నారు. అక్కడ వారికి దుబాసీ లేడు, సహాయ కేంద్రం లేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్ల నుంచి కోయలు, కొండరెడ్లు పునరావాస కాలనీలకు చేరారు. వరసగా ఒకే మూసలో కట్టిన సిమెంటు ఇళ్లు. పశువులకు మేత లేదు, కట్టెలకు అడవి లేదు. పక్క ఊరివారి చేలో అడుగు పెడితే తగాదా. వలస వెళ్లినప్పుడు వలసదారు సర్దుకోవాలన్న సూత్రం వారికి మాత్రం ఎక్కడా సడలింపు లేకుండా అమలవుతుంది. సొంత ఊళ్లో ఉన్నా వారే సర్దుకోవాలి, ఊరు పోయినా వారే.

కాబట్టి ఏజెన్సీకి వచ్చే ప్రభుత్వోద్యోగులతో మొదలుపెట్టి ఒక పరీక్ష పెట్టాలన్నది నా వాదన. టీచరు, డాక్టరు, ఏఎన్ఎం, రెవెన్యూ, అటవీ సిబ్బంది. కొత్త చట్టం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు వచ్చే ఐఏఎస్ తెలుగు నేర్చుకుని పరీక్ష ఇస్తున్నాడు. రాష్ట్ర ఉద్యోగులు పదోన్నతికి శాఖాపరమైన పరీక్షలు రాస్తూనే ఉన్నారు. అందులోనే మరో పత్రం. రాత అవసరం లేదు, నోటి పరీక్ష చాలు. రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో, పిల్ల ఎందుకు ఏడుస్తోందో, పట్టాలో హద్దు ఎటుందో ఆ ఊరి భాషలో అడిగి తెలుసుకోగలగాలి. నెగ్గినవారికి ఇంక్రిమెంటు, నెగ్గనివారికి మరో అవకాశం. డచ్చివారి జరిమానాల దారి మనకొద్దు.

అభ్యంతరాలు రాకపోవు. ఇన్ని భాషల్లో ఏది నేర్చుకోవాలంటారు. అరకు, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు ఆదివాసీ ఒడియా వస్తే సంతలో, ఆసుపత్రిలో పని గడుస్తుంది. బడికి మాత్రం ఆ ఊరి పిల్లల భాషే కావాలి. మూడేళ్లకు బదిలీ అయిపోతాం, ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం అంటారు. నెదర్లాండ్స్ ఇచ్చే గడువు కూడా మూడేళ్లే, కూలి పని చేసుకుంటూ, పిల్లల్ని సాకుతూ జనం నెగ్గుకొస్తున్నారు. పిల్లలు ఎలాగూ తెలుగే నేర్చుకోవాలి కదా అని మరికొందరంటారు. నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నారు కూడా. తల్లిదండ్రులే తెలుగు, ఇంగ్లిష్ కావాలంటున్నారు. వారు అడగనిది ఒక్కటే, పిల్లవాడు మొదటి రెండేళ్లు బడిలో మూగవాడిగా కూర్చోవడం.

బోధించేవారి కోసం వెతకనక్కర్లేదు. మాతృభాషా విద్యా వలంటీర్ల పేరుతో ఏజెన్సీ బడుల్లో పనిచేసిన ఆదివాసీ యువతీ యువకులున్నారు. కువి, కూబి, ఆదివాసీ ఒడియా, తెలుగు వారికి నాలుక చివర ఉంటాయి. కొద్దిపాటి గౌరవ వేతనం, అదీ బడి నడిచే నెలలకే. విద్యాసంవత్సరం మొదలైతే కొనసాగింపు ఉత్తర్వుల కోసం ధర్నాలు. ఇన్నాళ్లూ వారి చేత ఒకటో తరగతి పిల్లలకు మాటలు చెప్పించాం. వారిని పూర్తికాలపు శిక్షకులుగా తీసుకుని, వచ్చే బదిలీల్లో అరకు ఉన్న పాడేరు డివిజన్‌కు చేరే ప్రతి టీచరునూ, ప్రతి డాక్టరునూ ముందు మూడు నెలలు వారి క్లాసులో కూర్చోబెట్టాలి. హాజరు పుస్తకం కూడా వారి చేతిలోనే ఉండాలి.